స్పోర్ట్స్ కారుకు రన్‌ఫ్లాట్ టైర్లా, మామూలు టైర్లా? తేల్చుకునే పద్ధతి, మార్చుకునే క్రమం

‘కారుతో వచ్చిన రన్‌ఫ్లాట్లు అరిగిపోయాయి, ఈసారి మామూలు టైర్లు వేయించుకోవచ్చా?’ అని చాలామంది అడుగుతున్నారు. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా కొంత దూరం నడిచే టైరు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆలోచన కుదుపుల దగ్గర, పట్టు దగ్గర ఆగిపోతోంది. ఆ రెండూ ముఖ్యమే. కానీ స్పోర్ట్స్ కారు విషయంలో అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. దారి మధ్యలో టైరు గాలి పోతే ఆ కారును, అందులోని మనుషులను క్షేమంగా ఎలా చేరుస్తారు? దీనికి జవాబు దొరికాకే టైరు రకం గురించి ఆలోచించండి. కింది మెట్లన్నీ ఆ వరుసలోనే రాశాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి: కారు ఓనర్ మాన్యువల్, టార్చిలైటు, ప్రెజర్ గేజి, ట్రెడ్ (నేలకు తగిలే గాడుల భాగం) లోతు కొలిచే గేజి, ఫొటోలు తీసుకోవడానికి ఫోను. మొదటి మెట్టుకు అరగంట చాలు.

1. ఇప్పుడు మీ కారుకు ఏముందో రాసుకోండి

ముందుగా టైరు పక్కగోడ మీదున్న అక్షరాలు చదవండి. 245/40 ఆర్‌ఎఫ్ 18 93 వై అని ఉందనుకుందాం. 245 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 40 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం. 18 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం. 93 అంటే ఒక్కో టైరు 650 కిలోల వరకు మోయగలదు. వై అంటే గంటకు 300 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుంది. ‘ఆర్’ పక్కన ‘ఎఫ్’ ఉంటే అది రన్‌ఫ్లాట్.

సైజులో ఆ ‘ఎఫ్’ కనబడకపోతే కంపెనీ సొంత గుర్తు కోసం వెతకండి. మిషెలిన్ టైర్ల మీద జెడ్‌పీ, బ్రిడ్జ్‌స్టోన్ మీద ఆర్‌ఎఫ్‌టీ, గుడ్‌ఇయర్ మీద ఆర్‌ఓఎఫ్, కాంటినెంటల్ మీద ఎస్‌ఎస్‌ఆర్, డన్‌లప్ మీద డీఎస్‌ఎస్‌టీ అని ఉంటుంది. మెర్సిడెస్ కార్ల కోసం చేసిన టైరు మీద ఎంఓఈ ఉంటే రన్‌ఫ్లాట్, ఒట్టి ఎంఓ ఉంటే కాదు. బీఎండబ్ల్యూ టైర్ల మీది నక్షత్రం గుర్తును చూసి రన్‌ఫ్లాట్ అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ నక్షత్రం కారు కంపెనీ ఆమోదానికి గుర్తు మాత్రమే.

నాలుగు టైర్లూ విడివిడిగా చూడండి. స్పోర్ట్స్ కార్లలో ముందు సైజు, వెనక సైజు తరచూ వేరుగా ఉంటాయి. షెవర్లే కార్వెట్ సీ8 స్టింగ్‌రేకు ముందు 245/35 సైజులో 19 అంగుళాలవి, వెనక 305/30 సైజులో 20 అంగుళాలవి వస్తాయి. అలాంటి కారుకు ఒకే స్టెప్నీ ముందుకూ వెనక్కూ సరిపోదు. ఈ విషయం మూడో మెట్టులో పనికొస్తుంది.

తర్వాత బూటు తెరిచి అడుగు పలక ఎత్తండి. స్టెప్నీ ఉందా? దానికి గుంత ఉండి ఖాళీగా వదిలేశారా? అసలు చోటే లేదా? జాకీ, వీల్ స్పానరు ఉన్నాయా? రన్‌ఫ్లాట్లతో అమ్మే చాలా కార్లలో ఇవేవీ ఇవ్వరు. యాంటీ-థెఫ్ట్ వీల్ నట్లుంటే వాటి ప్రత్యేక తాళం ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

రాసుకోవాల్సినవి:

- ముందు, వెనక టైర్ల పూర్తి సైజు, లోడ్ అంకె, వేగం అక్షరం
- రన్‌ఫ్లాట్ గుర్తు, కారు కంపెనీ ఆమోదం గుర్తు
- తయారీ తేదీ: పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు (2324 అంటే 2024లో 23వ వారం)
- డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరులో చెప్పిన ప్రెజర్
- ట్రెడ్ లోతు: ఒక్కో టైరుకు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున
- టీపీఎంఎస్ (టైరులో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ) రకం: చక్రంలో సెన్సారు ఉందా, ఏబీఎస్ ద్వారా అంచనా వేసేదా
- బూటులో ఏమున్నాయి, ఏం లేవు

2. తేడా అంతా పక్కగోడలోనే ఉంది

మామూలు టైరులో బరువు మోసేది లోపలి గాలి. గాలి పోగానే పక్కగోడలు మడతపడి రిమ్ కింద నలిగిపోతాయి. రన్‌ఫ్లాట్ పక్కగోడలో గట్టి రబ్బరును అదనంగా దట్టిస్తారు. గాలి పూర్తిగా పోయినా ఆ గోడే కాసేపు కారును మోస్తుంది. సాధారణంగా చెప్పే హద్దు గంటకు 80 కి.మీ. మించకుండా 80 కి.మీ. దూరం. బరువు ఎక్కువైనా, ఎండ మండుతున్నా, మూలమలుపుల దారైనా ఆ దూరం తగ్గుతుంది. మీ టైరుకు కచ్చితమైన హద్దు మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించండి.

రన్‌ఫ్లాట్ సుగుణాలూ, ఇబ్బందులూ ఆ గట్టి గోడ నుంచే వస్తాయి. చిన్న గతుకు కూడా కారులోకి తెలుస్తుంది. టైరు బరువు పెరుగుతుంది. ఆ బరువు స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి ఎగుడుదిగుడు దారిలో చక్రం నేలను అంటిపెట్టుకుని ఉండటం కష్టమవుతుంది. గుంతలో పడ్డప్పుడు టైరు తక్కువగా వంగుతుంది, మిగతా దెబ్బ రిమ్‌కు చేరుతుంది.

రన్‌ఫ్లాట్ వల్ల ఉన్న అసలైన లాభం గురించి మాత్రం జనం తక్కువగా మాట్లాడతారు. రోడ్డు పక్కన ఆగాల్సిన పని లేకపోవడం సౌకర్యమే. కానీ వేగంగా వెళ్తుండగా ఒక్కసారిగా గాలి పోతే టైరు రిమ్‌ను వదలకుండా ఉండటం, స్టీరింగు మన మాట వినడం ప్రాణానికి సంబంధించిన సంగతి. హైవేల మీద ఎక్కువగా తిరిగేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మధ్యలో మూడో రకం కూడా ఉంది, అదే సెల్ఫ్ సీలింగ్ టైరు. ట్రెడ్ లోపల జిగురు పొర ఉంటుంది. మేకు దిగితే ఆ పొర రంధ్రాన్ని మూసేస్తుంది. సాధారణంగా ట్రెడ్‌లో 5 మి.మీ. దాకా రంధ్రాలకు ఇది పనిచేస్తుంది. పక్కగోడ మామూలుదే కాబట్టి కుదుపులు తక్కువ. కానీ గాలి మొత్తం పోతే ఇదీ మామూలు టైరే, రన్‌ఫ్లాట్ కాదు. స్పోర్ట్స్ కార్ల సైజుల్లో అన్నిటికీ దొరకదు. మీ సైజులో ఉంటే మాత్రం తప్పక ఆలోచించదగ్గది.

3. పంక్చర్ ప్లాన్ ముందు, టైరు తర్వాత

ఈ మెట్టు మీద సమయం పెట్టండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. కింది ప్రశ్నలకు ‘చూద్దాంలే’ అని కాకుండా సూటిగా జవాబు రాయండి.

- మీరు తరచూ వెళ్లే దారుల్లో, రాత్రివేళ కూడా, సాయం ఎంతసేపట్లో అందుతుంది?
- ఫోను సిగ్నల్ లేని చోట్లకు వెళ్తారా?
- ఆగడానికి చోటు లేని వంతెనలు, సొరంగాలు, ఘాట్ రోడ్లు మీ దారిలో ఉన్నాయా?
- ఈ కారును మీరు కాకుండా ఇంకెవరైనా నడుపుతారా? వాళ్లు పంక్చర్ కిట్ వాడగలరా?
- మీ సైజు టైరు మీ ఊళ్లో స్టాకు ఉంటుందా, తెప్పించాలా?

ఇక మామూలు టైర్లు వేయిస్తే చేతిలో ఉండే దారులు నాలుగు.

స్టెప్నీ. స్పోర్ట్స్ కారులో ఇది అనుకున్నంత సులువు కాదు. పెద్ద బ్రేకు క్యాలిపర్లకు చిన్న స్టెప్నీ రిమ్ తగలొచ్చు. లోపల చోటు దొరికినా, విప్పిన వెడల్పాటి వెనక చక్రం పెట్టడానికి చోటు ఉండకపోవచ్చు. రెండు సీట్ల కారులో ఇద్దరున్నప్పుడు ఆ చక్రం ఎక్కడ పెడతారో ఇంటి దగ్గరే ఒకసారి పెట్టి చూడండి. నడిపే చక్రాల మీద వేరే వ్యాసం ఉన్న స్టెప్నీ వేస్తే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కు హాని జరగవచ్చు. మాన్యువల్‌లో దీని గురించి ఏం రాశారో చదవండి. సెంటర్ లాక్ చక్రాలుంటే (మధ్యలో ఒకే పెద్ద నట్టుతో బిగించేవి) ఈ దారి మూసుకుపోయినట్టే. పోర్షే 911 జీటీ3 సెంటర్ నట్టును 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి, అది రోడ్డు పక్కన అయ్యే పని కాదు.

సీలెంట్ (రంధ్రం మూసే ద్రవం), కంప్రెసర్ కిట్. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. పోర్షే 911 లాంటి కార్లు మామూలు టైర్లతో, ఈ కిట్‌తోనే వస్తాయి. ట్రెడ్‌లో దిగిన మేకుకు ఇది చాలు. పక్కగోడ చిరిగినా, రంధ్రం పెద్దదైనా పనికిరాదు. సీసాకు గడువు తేదీ ఉంటుంది. కంప్రెసర్ వైరు వెనక చక్రం దాకా అందుతుందో లేదో ముందే చూసుకోండి.

ప్లగ్ కిట్. బయటినుంచి రబ్బరు తాడు దూర్చి రంధ్రం మూసే పద్ధతి. సీలెంట్ లాగా సెన్సారును పాడు చేయదు. కానీ కారు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి చక్రం విప్పకుండా రంధ్రం దగ్గరికి చేయి పోదు. ఇది కూడా టైరు షాపు దాకా చేర్చే తాత్కాలిక ఉపాయమే.

ఫ్లాట్‌బెడ్ సాయం. అంటే కారును బల్ల లాంటి లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడం. టైరు చిరిగితే ఏ కిట్టూ ఆదుకోదు, స్టెప్నీ లేకపోతే ఇదొక్కటే దారి. కాబట్టి మిగతా మూడింటిలో ఏది ఎంచుకున్నా ఇది తోడుగా ఉండాలి. కిందికి ఉన్న కారును బెడ్ మీదికి బంపరు గీసుకోకుండా ఎక్కించగలరా అని ముందే అడిగి పెట్టుకోండి. టోయింగ్ హుక్కు కారులోనే ఉందో లేదో కూడా చూడండి.

ఈ నాలుగింటిలో మీకు ఏదీ కుదరకపోతే నిర్ణయం అయిపోయినట్టే: రన్‌ఫ్లాట్లలోనే ఉండండి. కుదుపులు తగ్గుతాయన్న ఆశతో, ఏ ఏర్పాటూ లేకుండా మామూలు టైర్ల మీద దూరం వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

4. మీరు నడిపే తీరుకు ఏది సరిపోతుంది

కంపెనీ ఆ కారు సస్పెన్షన్‌ను ఏ టైరుతో కుదిర్చిందో తెలుసుకోండి. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35కి, కార్వెట్ సీ8కి మొదటినుంచీ రన్‌ఫ్లాట్లనే దృష్టిలో పెట్టుకున్నారు. అలాంటి కారుకు మెత్తని గోడ ఉన్న టైరు వేస్తే స్టీరింగు తిప్పిన క్షణంలో స్పందన కాస్త నెమ్మదించినట్టు అనిపించవచ్చు. కొందరికి అది అసలు తెలియదు, కొందరికి మొదటి మలుపులోనే తెలుస్తుంది. అదే సమయంలో గతుకుల మలుపులో చక్రం నేలను బాగా పట్టుకుంటుంది.

రోజూ నగరంలో గుంతల మధ్య తిరిగే కారుకు, సాయం దగ్గర్లోనే దొరికే చోట, నేను మామూలు టైర్ల వైపే మొగ్గుతాను. ఒంటరిగా, రాత్రిపూట, దూర ప్రయాణాలు చేసేవాళ్లకు రన్‌ఫ్లాట్లే చెప్తాను, కుదుపులు భరించాల్సి వచ్చినా సరే.

ట్రాక్ సంగతి వేరు. మందపాటి గోడ వేడిని పట్టి ఉంచుతుంది, బరువు ఎక్కువ, ఎంపికలు తక్కువ. అందుకే ట్రాక్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా మామూలు నిర్మాణం ఉన్న టైర్లే వాడతారు. అలాగని రన్‌ఫ్లాట్‌తో ట్రాక్ కుదరదని కాదు. కార్వెట్ జెడ్06 కోసం మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఆర్ టైరును జెడ్‌పీ రకంలోనే చేశారు. ట్రాక్ రోజులు అప్పుడప్పుడే ఉంటే వాటికి వేరే చక్రాల సెట్టు ఉంచుకోవడం మంచిది. రోడ్డు టైరును ఆ ఒక్కరోజు కోసం ఎంచుకోకండి.

పోల్చేటప్పుడు చాలామంది ఒక విషయం మర్చిపోతారు. అరిగి గట్టిపడ్డ పాత రన్‌ఫ్లాట్లు తీసి కొత్త మామూలు టైర్లు వేస్తే ఏ కారైనా మెత్తగా, నిశ్శబ్దంగా నడుస్తుంది. అందులో కొంత మార్పు టైరు కొత్తదనం వల్ల వచ్చిందే. కొత్త తరం రన్‌ఫ్లాట్ల గోడలు మునుపటంత మొరటుగా లేవు. కాబట్టి వీలైతే అదే మోడల్ టైరు రెండు రకాల్లోనూ ఉన్న కార్లను, కొత్త టైర్ల మీద, ఒకే దారిలో నడిపి చూడండి. కుదరకపోతే మీ సైజులో ఆ రెండింటి బరువు, తడి రోడ్డు మీద బ్రేకింగ్ రేటింగ్ పక్కపక్కన పెట్టి చూడండి.

5. కొనే ముందు సరిచూసుకోవాల్సినవి

సైజు, లోడ్ అంకె, వేగం అక్షరం: మూడూ కారు కంపెనీ చెప్పిన దానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ‘మీరు అంత వేగంగా పోరు కదా’ అని వేగం అక్షరం తగ్గించమనే సలహా వినకండి. ఆ అక్షరం టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. ఒకే సైజులో మామూలు లోడ్‌ది, ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకం రెండూ ఉంటాయి, కారుకు ఎక్స్‌ఎల్ చెప్పి ఉంటే అదే తీసుకోండి.

రిమ్: రన్‌ఫ్లాట్ కోసం చేసిన చాలా రిమ్‌లకు లోపల ఎత్తయిన గట్టు ఉంటుంది, దాన్ని ఈహెచ్2 అని గుర్తు వేస్తారు. గాలి లేనప్పుడు టైరు అంచు జారిపోకుండా ఆ గట్టు పట్టుకుంటుంది. ఆ రిమ్‌లకు మామూలు టైరు పడుతుంది, బిగించేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలంతే. మామూలు టైర్లతో వచ్చిన కారుకు రన్‌ఫ్లాట్లు వేయాలంటే మాత్రం రిమ్ అందుకు తగినదేనని, టీపీఎంఎస్ పనిచేస్తోందని ముందు నిర్ధారించుకోండి. రన్‌ఫ్లాట్ గాలి పోయినా బయటికి మామూలుగానే కనిపిస్తుంది. డాష్‌బోర్డులో హెచ్చరిక లేకపోతే మీకు తెలియకుండానే దాని హద్దు దాటించేస్తారు. టీపీఎంఎస్ లేని కారుకు రన్‌ఫ్లాట్లు వేయకండి.

నాలుగూ ఒకేసారి మార్చండి. ముందు రన్‌ఫ్లాట్లు, వెనక మామూలువి ఉంటే కారు ముందూ వెనకా వేర్వేరుగా స్పందిస్తుంది. హఠాత్తుగా బ్రేకు వేసి స్టీరింగు తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ప్రమాదం తెస్తుంది. ఒకే యాక్సిల్ మీద రెండు రకాలు కలపడం అసలే వద్దు.

ఇన్సూరెన్స్, వారంటీ: రకం మార్చడం గురించి మీ పాలసీలో, వారంటీ షరతుల్లో ఏముందో చదవండి. అనుమానం ఉంటే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఆర్డరు ఇచ్చే ముందు:

- నాలుగు టైర్లూ ఒకే బ్రాండు, ఒకే మోడల్
- ముందు, వెనక సైజులు వేర్వేరుగా ఆర్డరులో రాశారు
- తయారీ తేదీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి
- కిట్ లేదా స్టెప్నీ టైర్లతో పాటే వస్తోంది, ‘తర్వాత కొందాం’ కాదు
- కిట్ సీసా గడువు చూశారు

6. షాపులో

రన్‌ఫ్లాట్ గోడ వంగదు. దాన్ని మామూలు యంత్రం మీద ఇనుప కడ్డీలతో పీకితే రిమ్ గీసుకుపోతుంది, టైరు అంచు చిరుగుతుంది. సహాయక చేతులున్న యంత్రం ఉందా, రన్‌ఫ్లాట్లు తరచూ తీస్తారా అని ఫోనులోనే అడగండి. మీరు రన్‌ఫ్లాట్ల నుంచి మామూలుకు మారుతున్నా పాతవి విప్పాలి కాబట్టి ఈ ప్రశ్న మీకూ వర్తిస్తుంది.

పని జరగాల్సిన వరుస:

1. కారును సరైన జాకీ పాయింట్ల మీదే ఎత్తాలి. తక్కువ ఎత్తు కారుకు అడుగున ప్లాస్టిక్ పలకలు ఉంటాయి, జాకీ వాటి మీద పడితే పగులుతాయి. కొన్ని కార్లకు రబ్బరు దిమ్మెలు వాడాలి.
2. పాత టైరును రిమ్ నుంచి విడదీసేటప్పుడు టీపీఎంఎస్ సెన్సారు ఉన్నచోట నొక్కకూడదు. వాల్వు ఎక్కడుందో చూసి దానికి దూరంగా మొదలుపెట్టాలి.
3. రిమ్ లోపలి అంచు తుడిచి, పగుళ్లు, వంకరలు చూడాలి. రన్‌ఫ్లాట్ల మీద ఎన్నాళ్లో నడిచిన రిమ్‌ను లోపలివైపు కూడా తిప్పి చూడమనండి, ఈ మెట్టును చాలా షాపులు వదిలేస్తాయి.
4. సెన్సారు వాల్వు సీళ్లు కొత్తవి వేయాలి.
5. టైరు మీది బాణం లేదా ‘అవుట్‌సైడ్’ గుర్తు చూసి సరైన వైపు ఎక్కించాలి.
6. రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ (టైరును రోలరుతో నొక్కి తిప్పి చూసే పద్ధతి) ఉంటే చేయించండి, లేకపోతే మామూలు బ్యాలెన్సింగ్.
7. నట్లను చేత్తో పట్టించి, నక్షత్రం ఆకారపు వరుసలో, టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. ఎయిర్ గన్‌తో ఆఖరి బిగింపు వద్దు.
8. వీల్ అలైన్‌మెంట్. పాత టైర్ల లోపలి అంచు ఎక్కువ అరిగి ఉంటే కాంబర్, టో (చక్రాలు నిలువుగా, పక్కలకు ఎంత వంగి ఉన్నాయో చెప్పే కోణాలు) లెక్కలు కాగితం మీద తీసుకోండి.

కారు తీసుకునే ముందు నాలుగు టైర్ల మీది సైజు, దిశ, తేదీ మీరే స్వయంగా చదవండి. తప్పు ఉంటే అక్కడే తేలాలి.

7. ప్రెజర్, మొదటి 300 కిలోమీటర్లు

రకం మారినా సైజు, లోడ్ అంకె అవే అయితే తలుపు స్టిక్కరులోని ప్రెజర్‌తోనే మొదలుపెట్టండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కొన్ని గంటలు కదలకుండా నీడలో ఉన్నప్పుడు కొలవండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే ప్రెజర్ సుమారు 1.5 నుంచి 2 పీఎస్ఐ మారుతుంది. అందుకని మిట్టమధ్యాహ్నం నింపించిన గాలి తెల్లవారుజామున తక్కువ చూపిస్తుంది.

గాలి నింపాక టీపీఎంఎస్‌ను మాన్యువల్ చెప్పిన పద్ధతిలో రీసెట్ చేయండి. ఏబీఎస్ ద్వారా అంచనా వేసే రకం కొత్త టైరు లెక్కను నేర్చుకోవాలి. రీసెట్ చేయకపోతే తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది, లేదా అవసరమైనప్పుడు మౌనంగా ఉండిపోతుంది.

కొత్త టైరు ఉపరితలం కాస్త జారుడుగా ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకింగ్, మలుపుల్లో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కడం వద్దు. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్ల బిగింపు మళ్లీ టార్క్ రెంచితో చూడండి.

మామూలు టైర్లకు మారినవాళ్లకు మొదటి వారంలో కారు కాస్త ఊగినట్టు అనిపించవచ్చు. వెంటనే గాలి పెంచేయకండి. మెత్తగా ఉండాలనే కదా మార్చింది. గోడ వంగే తీరుకు మీ చేతులు అలవాటు పడనివ్వండి. ఆ తర్వాత కూడా నచ్చకపోతే ఒక్కో పీఎస్ఐ చొప్పున మార్చి చూడండి, మాన్యువల్ హద్దు దాటకుండా.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

రన్‌ఫ్లాట్ ఉంది కదా అని నెలల తరబడి గాలి చూడకపోవడం. తక్కువ గాలితో నడిస్తే గోడ లోపలే వేడెక్కి దెబ్బతింటుంది, అసలు పంక్చర్ అయిన రోజు 80 కి.మీ. ఇవ్వదు. నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా కొలవండి.

హెచ్చరిక దీపం వెలిగినా అదే వేగంతో పోవడం. ‘కారు మామూలుగానే ఉందిగా’ అనిపించడమే రన్‌ఫ్లాట్‌తో ఉన్న ప్రమాదం. దీపం వెలిగిన క్షణం నుంచి దూరం లెక్కపెట్టండి, ట్రిప్ మీటర్ సున్నా చేయడం సులువైన పద్ధతి.

ఒక్క టైరు పాడైతే అందుబాటులో ఉన్న మామూలు టైరు ఒక్కటి వేసి సర్దుకోవడం. తప్పనిసరై ఇంటికి చేరడానికి వేస్తే నెమ్మదిగా చేరి, వెంటనే మార్చేయండి. నాలుగు చక్రాలూ నడిపే కారులో ట్రెడ్ లోతు తేడా కూడా డ్రైవ్‌ట్రైన్ మీద భారం వేస్తుంది, ఎంత తేడా ఒప్పుకుంటారో మాన్యువల్‌లో ఉంటుంది.

సీలెంట్ వాడి, ఆ మాట షాపులో చెప్పకపోవడం. లోపలి ద్రవం టైరు విప్పేవాళ్ల మీద పడుతుంది, సెన్సారుకు అంటుకుని గట్టిపడుతుంది. ముందే చెప్తే సెన్సారు శుభ్రం చేస్తారు, లేదా మారుస్తారు.

శబ్దం తగ్గించే స్పాంజి ఉన్న టైరును ఎవరికైనా ఇచ్చి పంక్చర్ వేయించడం. ఆ స్పాంజిని రంధ్రం దగ్గర జాగ్రత్తగా కోసి తీశాకే ప్యాచ్ వేయాలి. ఆ పని తెలిసిన చోటికే తీసుకెళ్లండి.

ట్రెడ్ 1.6 మి.మీ.కు వచ్చేదాకా ఆగడం. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం అదే. కానీ వెడల్పాటి స్పోర్ట్స్ టైరు 3 మి.మీ. కిందికి వచ్చేసరికే నిలిచిన నీటి మీద తేలడం మొదలుపెడుతుంది. వానాకాలానికి ముందే మార్చండి.

9. పంక్చర్ అయిన రోజు

రన్‌ఫ్లాట్ల మీద ఉంటే:

1. వేగం మెల్లగా తగ్గించి 80 కి.మీ. లోపుకు రండి. బ్రేకు గట్టిగా తొక్కకండి.
2. క్షేమమైన చోట ఆగి టైరును కళ్లతో చూడండి. గోడ చిరిగినా, రిమ్ పగిలినా, కదిలేటప్పుడు గట్టిగా అదురుతున్నా ముందుకు పోవద్దు, ఫ్లాట్‌బెడ్ పిలవండి.
3. అలాంటివేమీ లేకపోతే దగ్గర్లోని షాపుకు, ఇంటికి కాదు, నిదానంగా వెళ్లండి.

మామూలు టైర్ల మీద ఉంటే:

1. వాహనాల దారికి దూరంగా, గట్టి చదును నేల మీద ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. గాలి లేని టైరు మీద కొద్ది దూరం కూడా లాగకండి. టైరు ఎలాగూ పోతుంది, రిమ్ కూడా పోతుంది.
2. మేకు ట్రెడ్‌లో ఉందా, గోడలోనా చూడండి. ట్రెడ్‌లో ఉంటే దాన్ని పీకకండి, అదే కొంతవరకు గాలిని ఆపుతోంది.
3. సీలెంట్, కంప్రెసర్ కిట్ మీదున్న సూచనల ప్రకారం ఎక్కించండి. కంప్రెసర్‌ను ఆపకుండా ఎంతసేపు నడపొచ్చో దాని మీదే ఉంటుంది.
4. వెంటనే కొన్ని కిలోమీటర్లు నిదానంగా నడపండి, ద్రవం లోపలంతా పరుచుకోవాలి. ఆగి ప్రెజర్ మళ్లీ చూడండి. కిట్ చెప్పిన కనీసం కన్నా తగ్గి ఉంటే అక్కడితో ఆపి సాయం పిలవండి.

షాపుకు చేరాక, ఏ రకం టైరైనా, రిమ్ నుంచి విప్పి లోపల చూడందే రిపేరుకు ఒప్పుకోకండి. రంధ్రం ట్రెడ్ మధ్య భాగంలో, 6 మి.మీ. లోపు ఉంటే లోపలినుంచి ప్లగ్, ప్యాచ్ కలిపి వేసే రిపేరు సాధారణంగా కుదురుతుంది. రన్‌ఫ్లాట్ విషయంలో తయారీదారు రిపేరును ఒప్పుకుంటారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒప్పుకునేవాళ్లు కూడా గాలి లేకుండా నడిచిన టైరుకు సాధారణంగా ఒప్పుకోరు. లోపల నల్లని రబ్బరు పొడి రాలినా, గోడ చుట్టూ ముడత గీత కనిపించినా ఆ టైరు పని అయిపోయింది. బయటికి ఎంత బాగున్నా మార్చాల్సిందే. కొత్తది వేయించేటప్పుడు అదే యాక్సిల్ మీదున్న రెండో టైరు ట్రెడ్ లోతు కూడా కొలిపించండి. తేడా ఎక్కువుంటే రెండూ కలిపి మార్పించండి. వాడేసిన సీలెంట్ సీసా బదులు కొత్తది బూటులో పెట్టాకే షాపు నుంచి బయల్దేరండి.